గరగరల కొట్టు

ఒక ఊళ్ళో గిటారు యాంప్లిఫయర్లు బాగుచేసే కొట్టు ఒకటి ఉండేది. యాంప్లిఫయర్ అంటే గిటారు తీగ చేసే సన్నటి చప్పుడుని హాలంతా వినబడేలా చేసే పెట్టె. పెట్టె పాడైతే ఎంత గొప్పగా వాయించేవాడైనా మూగవాడితో సమానం.

కొట్టు చాలా చిన్నది. లోపల బల్ల దగ్గర బాగుచేసేవాడు కూర్చునేవాడు. ముందువైపు అతని భార్య పెట్టెలకు కావలసిన సామాన్లు అమ్మేది. ఎవరైనా వచ్చి ఫలానా సామాను కావాలంటే ఆమె వెంటనే తీసి ఇచ్చేది కాదు. "ముందు ఏమైందో చెప్పు" అనేది. సగం మందికి సామాను అక్కర్లేదని తేలేది. అటువంటి వాళ్ళకి మాట మాత్రం చెప్పి పంపించేసేది. బేరం చేసుకునే తెలివి లేదని చుట్టుపక్కల కొట్లవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

బల్ల పక్కన ఒక పాత స్పీకరు ఉండేది. దాని లోపలి కాయితం ఒకచోట చిరిగింది. ఎలుక కొరికిందని కొందరు, పుట్టుకే అంతేనని కొందరు అనేవాళ్ళు. ఏ పెట్టెని తగిలించినా అందులోంచి ఎండుటాకుల మీద నడిచినట్టు గరగరమనే చప్పుడే వచ్చేది. బాగుచేసిన ప్రతి పెట్టెనీ అతను ఆ స్పీకరుకే తగిలించి వినేవాడు.

"మంచి స్పీకరు కొనుక్కోవచ్చు కదన్నా?" అని కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవాళ్ళు.

"దీని గరగర ఎంతో నాకు తెలుసు. అది పోగా మిగిలిన గరగర నీ పెట్టెది. మంచి స్పీకరు నీ పెట్టెని వెనకేసుకొస్తుంది. ఇది అలా కాదు" అనేవాడు అతను.

పెట్టె చేతికిచ్చేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పేవాడు. "ఇక్కడ విన్నది వదిలెయ్. ఇంటికెళ్ళి విను. బాగోకపోతే మళ్ళీ తీసుకురా."

వాళ్ళు మొహాలు మాడ్చుకుని పెట్టె మోసుకుపోయేవాళ్ళు. ఇంట్లో వాయిస్తే అది కోయిలలా పలికేది. కొన్నాళ్ళకి ఊళ్ళో ఒక మాట పుట్టింది. "గరగరల కొట్టులో ఏడ్చింది ఇంట్లో నవ్వుతుంది" అనేవాళ్ళు. కొట్టుకి బోర్డు మీద వేరే పేరుండేది గానీ అది దాన్ని రాసిన పెయింటరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ సంగతి తెలిసి పై ఊళ్ళవాళ్ళు కూడా పెట్టెలు మోసుకుని వచ్చేవాళ్ళు. అలా కొట్టు నడిచిపోతోంది. మొగుడూ పెళ్ళాలకి అంతకుమించి ఆశలు లేవు.

అప్పుడు ఎదురుగా ఇంకో కొట్టు వెలిసింది.

దానికి అద్దాల తలుపులు, లోపల మెత్తటి సోఫా, చల్లగాలి. నడిమధ్యలో మనిషెత్తు స్పీకరు. దానికి తగిలిస్తే మూలన పడేసిన రేడియో కూడా కచేరీ చేసినట్టు మోగేది. పెట్టె తెచ్చినవాళ్ళని ఎదురుకొట్టు ఆయన సోఫాలో కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, పెట్టెని పెద్ద స్పీకరుకి తగిలించేవాడు.

"ఎలా ఉంది సార్?"

"అబ్బ! ఇది నా పెట్టేనా?"

"మీదే సార్. ఇన్నాళ్ళూ దాని విలువ మీకు తెలీలేదంతే."

ఇలా అంటే ఎవడు మాత్రం కాదంటాడు? పెట్టెని భుజాన వేసుకుని, దారిలో కనబడినవాడికల్లా చెప్పుకుంటూ వెళ్ళేవాడు. ఇంటికెళ్ళి వాయిస్తే మాత్రం పిల్లి పీక నొక్కినట్టు వినిపించేది. అయినా తప్పు పెట్టెదని గానీ, బాగుచేసిన చేతిదని గానీ ఎవరికీ తోచలేదు. మా గది ఇరుకు అని ఒకాయన అనుకున్నాడు. మా గోడలు పాతవి అని ఇంకొకాయన అనుకున్నాడు. పైకి చెప్పుకోవడం నామోషీ. కొందరైతే సాయంత్రం పూట పెట్టె మోసుకుని మళ్ళీ ఎదురుకొట్టుకే వచ్చి, అక్కడ కాసేపు వాయించుకుని, ఆ సంబరంతో ఇంటికి పోయేవాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెత ఆ వీధిలోనే పుట్టి ఉంటుందని నాకు గట్టి అనుమానం.

చూస్తుండగానే బజారు ఎదురుకొట్టు వైపు ఒరిగిపోయింది. ఇందులో వింత ఏమీ లేదు. ఆ కొట్టు గురించిన మంచిమాట కొట్టు గుమ్మంలోనే, నలుగురి ఎదుట పుట్టేది. గరగరల కొట్టు గురించిన మంచిమాట ఎవరింట్లోనో, తలుపులు వేసుకున్నాక పుట్టేది. పెట్టె బాగా పలికే మనిషికి బజారులో ఏం పని? ఇంట్లో వాయించుకుంటూ కూర్చుంటాడు. అలా ఆ మంచిమాట గడప దాటేది కాదు.

ఒక రోజు బాగుచేసేవాడు సామాన్ల కోసం పొరుగూరు వెళ్ళాడు. అంతకుముందు బాగుచేసి ఉంచిన పెట్టె కోసం ఒకతను నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చాడు. బాగుచేసేవాడి భార్యే దాన్ని చిరిగిన స్పీకరుకి తగిలించి వినిపించింది. స్పీకరు ఎప్పటిలాగే గరగరమంది. స్నేహితులు పగలబడి నవ్వారు.

"అక్కా, మీ ఆయన దీన్ని బాగుచేశాడా, బొంద పెట్టాడా?" అన్నాడు ఒకడు.

"ఇంటికెళ్ళి వినండి బాబూ" అంది ఆమె.

"ఎందుకు? ఇక్కడ మా పరువు పోయింది చాలక ఇంటికి కూడా తీసుకెళ్ళాలా?"

వాళ్ళు ఎదురుకొట్టులోకి వెళ్ళిపోయారు. అద్దాల తలుపుల అవతల వాళ్ళు సోఫాలో కూర్చుని నవ్వడం ఆమెకి కనబడుతూనే ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. తనని చూసి నవ్వినందుకు కాదు, మొగుడి చేతి పనిని చూసి నవ్వినందుకు. అతని పని ఎలాంటిదో ఆమెకి తెలుసు. ఈ దిక్కుమాలిన స్పీకరే అతని పరువు తీస్తోందని ఆమెకి ఆ నిమిషాన గట్టిగా అనిపించింది.

వీధిలో పాత సామాన్లవాడు కేకేస్తూ వెళుతున్నాడు. ఆమె అతన్ని పిలిచింది. చిరిగిన స్పీకరుని అతని బండిలో పడేసింది. తన దగ్గరున్న సామాన్లలో అన్నిటికన్నా మంచి స్పీకరు ఏరి, తుడిచి, బల్ల పక్కన పెట్టింది. మొగుడు చూసి సంతోషిస్తాడనే అనుకుంది పాపం.

అతను వచ్చాడు. ఖాళీ అయిన చోటుని చూశాడు. కొత్త స్పీకరుని చూశాడు. భార్య మొహం చూశాడు. ఒక పెట్టెని కొత్త స్పీకరుకి తగిలించి తీగ మీటాడు. కొట్టంతా తియ్యగా నిండింది.

అదే సమయానికి లోపలికొచ్చిన మనిషి "ఆహా, ఇదీ పనితనమంటే!" అన్నాడు.

బాగుచేసేవాడు అన్నేళ్ళలో తన కొట్టులో నిలబడి ఒకడు మెచ్చుకోగా వినడం అదే మొదలు. అతనికి బాగానే అనిపించింది. ఆ సంగతి దాచడం దేనికి? మనిషన్నాక అనిపిస్తుంది. పాత స్పీకరు ఏమైందని అతను అడగలేదు. ఆ రోజు నుంచి ప్రతివాడూ కొట్టులోనే తృప్తిపడి వెళ్ళేవాడు. "ఇంటికెళ్ళి విను" అన్న మాట అతని నోటి నుంచి దానంతటదే జారిపోయింది. బాగుందని ఇక్కడే తెలుస్తుంటే ఇంకా ఇంటిదాకా ఎందుకు?

ఊళ్ళో బడిపిల్లలకి పాటలు నేర్పే టీచరమ్మ ఒకామె ఉండేది. మొదటి నుంచీ ఆమెది ఈ కొట్టే. బడి వార్షికోత్సవం ముందు తన పెట్టెని బాగుచేయించుకుని తీసుకెళ్ళింది. గరగరల కొట్టు నుంచి వచ్చింది కదా, ఇంక చూసుకునేదేముందని తిన్నగా వేదిక మీదే పెట్టింది. పిల్లలు వరసగా నిలబడ్డారు. ఊరి పెద్దలంతా కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె గిటారు అందుకుని మొదలుపెట్టింది. పెట్టె చిటపటమంది. పిల్లలు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పెట్టె ఇంకోసారి చిటపటమని నోరు మూసేసింది. పిల్లలు పాట మధ్యలో ఆపేశారు. అందరికన్నా ముందు నిలబడ్డ చిన్నపిల్ల గట్టిగా ఏడ్చేసింది.

పెట్టె లోపల ఒక వైరుకి టంకం సరిగ్గా పట్టలేదు. చిరిగిన స్పీకరైతే ఆ చిటపట తన గరగర మధ్యలోంచి అతనికి పట్టిచ్చేది. కొత్త స్పీకరు దాన్ని కడుపులో పెట్టుకుని దాచింది.

మర్నాడు టీచరమ్మ పెట్టె మోసుకుని కొట్టుకొచ్చింది. కేకలు వేస్తుందనుకున్నారు. వెయ్యలేదు.

"ఈసారి ఇంటికెళ్ళి వినమని నువ్వు చెప్పలేదన్నా" అంది.

అతను తల దించుకున్నాడు. ఆమె పెట్టెని గుమ్మంలో కూడా దించకుండా తిరిగి తీసుకెళ్ళిపోయింది. దాన్ని ఎదురుకొట్టుకి తీసుకెళ్ళినా అతనికి అంత బాధ అనిపించేది కాదు. ఆమె అక్కడికీ వెళ్ళలేదు. పాటలే మానేద్దామన్నట్టు ఇంటికి పోయింది.

ఇంక చెప్పేదేముంది? మంచిమాట ఇళ్ళల్లో కూర్చుని చెమటలు కక్కి సంపాదించిన పేరుని చెడ్డమాట వీధిలో ఒక్క పూటలో ఊడ్చేసింది. గరగర పోయాక కొట్టుకి పనితనం కూడా పోయిందన్నారు. అంతకుముందు ఆ గరగరని వెక్కిరించినవాళ్ళే ఆ మాటన్నారు. గుమ్మం తొక్కేవాళ్ళు కరువయ్యారు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, భార్య పాత సామాన్లవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళింది. అతను తల గోక్కుని, ఎదురుకొట్టు ఆయన కొనుక్కున్నాడని చెప్పాడు. ఆమె రోడ్డు దాటి చూసింది. నిజమే. అద్దాల తలుపుల పక్కన, ఎత్తైన పీట మీద, బంతిపూల దండతో చిరిగిన స్పీకరు కూర్చుని ఉంది. కింద ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో "ఊరంతా మెచ్చిన స్పీకరు, ఇప్పుడు మా దగ్గర" అని రాసి ఉంది. జనం వచ్చి చూసి, చేత్తో తడిమి వెళుతున్నారు.

"అన్నయ్యా, అది మాది. తెలీక పారేశాను. ఇచ్చెయ్యండి" అంది ఆమె.

"అయ్యో చెల్లెమ్మా, ఇప్పుడది మా కొట్టు పరువు. పరువుని ఎవరైనా ఇచ్చుకుంటారా?" అన్నాడు ఎదురుకొట్టు ఆయన. మంచిగానే అన్నాడు. అతను మాట ఎప్పుడూ మంచిగానే అనేవాడు.

ఆమె వంగి చూసింది. చూడ్డానికి బాగోలేదని కాబోలు, చిరుగు మీద బంగారు రంగు కాయితం అతికించారు. స్పీకరు వెనక వైరు లేదు.

కొట్టు మూసి అందరూ వెళ్ళాక, ఇలాంటి కథల్లో వస్తువులు మాట్లాడుకుంటాయి గనక, పెద్ద స్పీకరు చిరిగినదాన్ని పలకరించింది.

"రోజంతా మోగేది నేను. చూడ్డానికొచ్చేది నిన్ను. నీకేం తక్కువ?"

"ఒక వైరు తక్కువ" అంది చిరిగిన స్పీకరు.

ఇంట్లో భార్య జరిగిందంతా మొగుడికి చెప్పింది. బంగారు కాయితం సంగతి చెప్పి, "నేనే చేశానండీ ఇదంతా" అని ఏడ్చింది.

"నువ్వు స్పీకరు మార్చావు. మాట మానేసింది నేను" అన్నాడు అతను. "వాళ్ళని ఇంటికెళ్ళి వినమన్నాను గానీ, నేను ఎప్పుడైనా వెళ్ళి విన్నానా?" అన్నాడు.

పొద్దున్నే పనిముట్లు ఒక సంచిలో, సామాన్లు ఇంకో సంచిలో వేసుకుని ఇద్దరూ టీచరమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె తలుపు తీసి, లోపలికి రమ్మనాలా వద్దా అని కాసేపు గుమ్మంలోనే నిలబడింది. పెట్టె మూలన ఉంది. దాని మీద దుప్పటి కప్పి ఉంది.

అతను నేల మీద కూర్చుని పెట్టె విప్పాడు. పట్టు వదిలిన వైరుని కనుక్కుని టంకం పెట్టాడు.

"వాయించమ్మా."

ఆమె వాయించింది. ఇంకా ఎక్కడో గరగరమంది. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. లేచి గది నాలుగు మూలలా తిరిగాడు. గ్లాసుల అలమారా తలుపుకున్న అద్దం ఆ మోతకి వణికి గరగరమంటోంది. అతని భార్య సంచిలోంచి కాయితం ముక్క తీసి, మడిచి, అద్దం అంచులో దోపింది. టీచరమ్మ మళ్ళీ వాయించింది. ఈసారి పక్కింటి పిల్లలు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. "మళ్ళీ పాడైతే?" అని అడిగింది.

"మళ్ళీ వస్తాం."

అలా మొదలైంది. ఇద్దరూ సంచులు పట్టుకుని ఒక్కో ఇంటికీ వెళ్ళేవాళ్ళు. ఏ పెట్టె ఎక్కడ ఉంటుందో అక్కడే విప్పి, అక్కడే వినేవాళ్ళు. ఒకరింట్లో ఫ్యాను కిరకిర, ఒకరింట్లో పక్కింటి కుట్టుమిషను. ఏ ఇంటి గరగర ఆ ఇంటిది. అతను దాన్ని ముందు నేర్చుకునేవాడు, అది పోగా మిగిలింది పట్టుకునేవాడు. పిలిచిన ఇల్లు మళ్ళీ పిలిచేది. వంటింటి తలుపు దగ్గర నిలబడి ఆ ఇల్లాలు పక్కింటావిడకి చెప్పేది. ఆ మాట అంతకుమించి దూరం వెళ్ళేది కాదు.

కొట్టు తీసేవాళ్ళు లేరు. షట్టరు మీద దుమ్ము పేరుకుంది. బోర్డు మీద పిచ్చుక గూడు పెట్టింది. గరగరల కొట్టు మూతబడిందని వీధి తీర్మానించేసింది. వీధికి కనబడేది షట్టరే కదా.

ఒక సాయంత్రం పై ఊరి నుంచి ఒకతను బస్సు దిగి, భుజాన పెట్టె మోసుకుంటూ బజారుకి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. ఎదురుకొట్టు దగ్గర ఆగాడు.

"గరగరల కొట్టు ఎక్కడండీ? మా తాత పెట్టె ఇది. బాగుచెయ్యడానికి ఇస్తే అక్కడే ఇవ్వమని చెప్పి పోయాడు."

"ఎదురుగానే బాబూ. మూతబడి చాలా కాలమైంది" అన్నాడు ఎదురుకొట్టు ఆయన విచారంగా. "మంచి పనివాడు. ఏం చేస్తాం! ఆయన స్పీకరు మాత్రం మా దగ్గరే ఉంది, చూడు."

అతను పెట్టె దించి, పీట మీది స్పీకరు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"ఇది మోగదా?"

"పేరున్నది గదా బాబూ, చూడ్డానికే. మోగించడానికి అదిగో, అది ఉంది. నీ పెట్టె రేపు తీసుకురా, అద్భుతంగా వినిపిస్తాను. ఇవాళ తొందరగా కట్టెయ్యాలి, ఇంటికి చుట్టాలొస్తున్నారు."

పై ఊరి మనిషి షట్టరు మీది దుమ్ముని కాసేపు చూశాడు. పెట్టెని మళ్ళీ భుజానికెత్తుకుని బస్టాండు వైపు నడిచాడు.

ఎదురుకొట్టు ఆయన తలుపులు మూసి, బస్టాండు దారిలోనే ఉన్న తన ఇంటికి గబగబా వెళ్ళాడు. ముందు గదిలో చాప మీద చుట్టాలు అప్పటికే కూర్చుని ఉన్నారు. ఒకరి పక్కన పనిముట్ల సంచి, ఒకరి పక్కన సామాన్ల సంచి. మధ్యలో ఆయన కూతురి పెట్టె విప్పి ఉంది. ఆ పిల్ల పెట్టె కొట్టులో పెద్ద స్పీకరుకి తగిలిస్తే గంటలా మోగేది, ఇంటికి తెస్తే మూలిగేది. "నాన్నా, నేను ఎప్పుడూ కొట్టులోనే వాయించుకోవాలా?" అని ఆ పిల్ల అడిగిన రోజు నుంచి ఆయనకి ముద్ద దిగలేదు. ఎవరికీ తెలియకుండా తనే కబురు పెట్టాడు.

బాగుచేసేవాడు చివరి మర బిగించాడు. భార్య అతని చేతిలోంచి మర తిప్పేది తీసుకుని సంచిలో పెట్టింది.

"వాయించమ్మా" అన్నాడు.

ఎదురుకొట్టు ఆయన వెళ్ళి వీధి వైపు కిటికీ మూశాడు.

"కిటికీ రోజూ ఎలా ఉంటుందండీ?" అని అడిగాడు బాగుచేసేవాడు.

"తెరిచే ఉంటుంది."

"అయితే తెరవండి. రోజూ ఎలా ఉంటుందో అలా ఉంటేనే నాకు తెలుస్తుంది."

ఎదురుకొట్టు ఆయన కిటికీ రెక్క పట్టుకుని నిలబడ్డాడు. బాగుచేసేవాడి భార్య వైపు చూశాడు. కూతురు గిటారు ఒళ్ళో పెట్టుకుని తండ్రి చేతినే చూస్తోంది. చాలాసేపటికి ఆయన కిటికీ తెరిచాడు.

పిల్ల తీగ మీటింది.

వీధిలో బస్టాండుకి వెళుతున్న మనిషి ఆగాడు. కాసేపు విని, భుజం మీది పెట్టెని ఆ ఇంటి మెట్ల మీద దించాడు.